తుక్కులో దొరికిన వి-8



కాలిఫోర్నియా రాష్ట్రంలో పొమోనా అనే ఊళ్ళో పాత కార్ల సామాన్ల సంత జరుగుతుంటుంది. ఆదివారం ఇంకా తెల్లవారదు, అప్పటికే జనం టార్చిలైట్లు పట్టుకుని నేలమీద పరిచిన ఇనప సామాను మధ్య తిరుగుతుంటారు. అక్కడ ఒకచోట రెండు చెక్కదిమ్మల మీద ఒక ఇంజను కూర్చోబెట్టి ఉందనుకోండి. మట్టీ గ్రీజూ కలిసి గట్టిపడిపోయి దాని అసలు రంగేమిటో తెలియదు. అమ్మేవాడు మాత్రం ఒక మాట తప్పకుండా అంటాడు: "బండిలోంచి దించేటప్పుడు నడుస్తూనే ఉంది." తుక్కు వ్యాపారం పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న మాట ఇది. మన విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా ఇదే చెబుతారు. అబద్ధమని నేననను. నడిచే ఇంజనుకూ, మళ్ళీ నమ్మి నడపగలిగే ఇంజనుకూ మధ్య కొంత ఖర్చుంది. ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు. ఈ పూట నేను చెప్పబోయేది ఆ ఖర్చు గురించే.

ఆ ఇంజను ఫోర్డ్ కంపెనీ వారి ఫ్లాట్‌హెడ్ వి-8. హాట్ రాడ్ అనే మాట మీరు విని ఉండవచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మామూలు కారుకు మడ్‌గార్డులు ఊడదీసి, అనవసరమైన బరువంతా తీసిపారేసి, ఇంజనును చేతనైనంత బలపరిచి, వేగం కోసం మళ్ళీ కట్టుకున్న బండి అది. ఇప్పుడు ప్రదర్శనల్లో తళతళలాడే రంగులతో కనబడుతుంది కనక శ్రీమంతుల సరదా అనుకుంటాం. మొదట్లో మాత్రం అది జేబులో డబ్బుల్లేక తుక్కు యార్డుల చుట్టూ తిరిగిన కుర్రాళ్ళ పని. వాళ్ళకు ఈ ఫ్లాట్‌హెడ్డే ఎందుకు దొరికిందో చెబుతాను.

1932 మార్చి నెలాఖరులో హెన్రీ ఫోర్డ్ ఈ ఇంజనును బయటపెట్టాడు. అమెరికా అప్పుడు మాంద్యంలో మునిగి ఉంది. ఎనిమిది సిలిండర్ల ఇంజనంటే అంతవరకూ ఖరీదైన కార్లకే పరిమితం. ఫోర్డ్ దాన్ని 460 డాలర్ల రోడ్‌స్టర్‌లో పెట్టి అమ్మాడు. అంత తక్కువకు ఎలా ఇవ్వగలిగాడంటే, ఇంగ్లీషు 'వి' అక్షరంలా నిలబడే రెండు సిలిండర్ల వరసలనూ, వాటి కింద, పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్ ఉండే పెట్టెనూ విడివిడిగా చేసి బోల్టులతో బిగించకుండా, అంతా కలిపి ఒకే పోతగా పోయించాడు. అది తేలికైన పని కాదు. ఒక్కో అచ్చులో డజన్లకొద్దీ ఇసుక కోర్లు పెట్టాలి, వాటిలో ఒకటి కాస్త జరిగినా బ్లాకు పాడు. మొదట్లో పోసిన బ్లాకుల్లో చాలా భాగం మళ్ళీ కొలిమిలోకే వెళ్ళాయి. పట్టు దొరికాక మాత్రం ఆగలేదు. 221 ఘనపుటంగుళాలు, అంటే 3.6 లీటర్ల ఇంజను, 65 హార్స్‌పవర్. 1939లో మెర్క్యురీ కారు కోసం దాన్నే 239 ఘనపుటంగుళాలకు పెంచారు. 1949లో మెర్క్యురీకే 255 చేశారు. అమెరికాలో 1953 దాకా ఇదే ఫోర్డ్ వి-8. కార్లలో, లారీలలో లక్షలకొద్దీ వచ్చాయి. లక్షలకొద్దీ వచ్చినవి కొన్నాళ్ళకు లక్షలకొద్దీ తుక్కయ్యాయి. ఆ కుర్రాళ్ళకు దొరికింది అది.

దక్షిణ కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సులున్నాయి. మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటివి. మైళ్ళ తరబడి చదునైన గట్టి నేల, అడ్డు చెప్పే పోలీసు ఉండేవాడు కాదు. వారాంతాల్లో అక్కడికి బండ్లు తోలుకెళ్ళి వేగం కొలుచుకునేవారు. 1937లో ఆ క్లబ్బులన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. విక్ ఎడెల్‌బ్రాక్ అని ఒక రిపేరు షెడ్డు యజమాని ఉండేవాడు. తన 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ కోసం రెండు కార్బురేటర్లు కూర్చునే ఇన్‌టేక్ మానిఫోల్డ్ సొంతంగా పోత పోయించుకున్నాడు. చూసినవాళ్ళు మాకూ కావాలన్నారు. ఆ పేరుతో ఇప్పటికీ నడుస్తున్న విడిభాగాల కంపెనీ అలా మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలిటరీ మిగులు సామాను చవకగా అమ్మకానికి వచ్చింది. బిల్ బర్క్ అనే ఆయన యుద్ధ విమానాల కింద అదనపు పెట్రోలు కోసం తగిలించే ట్యాంకు ఒకటి కొన్నాడు. గాలిని చీల్చుకుపోవడానికి కోసుగా చేసిన ట్యాంకు కదా, దాంట్లోనే ఇంజను పెట్టి, తనూ కూర్చుని, 1946లో సరస్సు మీద పరుగెత్తించాడు. ఎడ్ ఇస్కెండేరియన్ అనే ఆయనకు వాల్వులను కదిలించే కేమ్‌షాఫ్టులు కావాలి. వాటిని అరగదీసే యంత్రం కొనే స్తోమత లేదు. మామూలు గ్రైండింగ్ మిషనును కేమ్ గ్రైండర్‌గా మార్చుకున్నాడు. ఆ తర్వాత దేశమంతా ఆయన దగ్గర కేమ్‌లు కొంది.

ఈ కథలు చెప్పేటప్పుడు చాలామంది వాళ్ళ సాహసం గురించి మాట్లాడతారు. నాకు మాత్రం వాళ్ళ కొలతల మీద గౌరవం. తుక్కులో చేయి పెట్టినవాడు ప్రతి భాగాన్నీ కొలిచి, పదింట్లో తొమ్మిదింటిని వద్దనాలి. అలా వద్దనలేనివాడికి తుక్కంత ఖరీదైన బజారు మరొకటి లేదు.

ఇంజను లోపల ఏముందో ఒకసారి మనసులో బొమ్మ గీసుకోండి. ఇప్పటి ఇంజన్లలో వాల్వులు సిలిండరు పైన, హెడ్‌లో ఉంటాయి. ఫ్లాట్‌హెడ్‌లో అవి సిలిండరు పక్కన, బ్లాకులోనే ఉంటాయి. హెడ్డు వట్టి మూత. అందుకే ఆ పేరు. వాల్వులను కొట్టడానికి పొడుగాటి పుష్‌రాడ్లు లేవు, రాకర్లు లేవు. కదిలే భాగాలు తక్కువ, చెడేవి తక్కువ. చవకగా ఇంజను కట్టేవాడికి ఇది వరం.

శాపం కూడా అక్కడే ఉంది. వాల్వులు రెండు వరసల మధ్య ఉన్న లోయ వైపు ఉంటాయి. సైలెన్సర్ గొట్టాలేమో ఇంజనుకు బయటి వైపు. కాలిన పొగ బయటికి పోవాలంటే సిలిండర్ల మధ్యగా, నీటి జాకెట్ గుండా, బ్లాకును అడ్డంగా దాటి పోవాలి. ఒక్కో వరసలో నాలుగు సిలిండర్లుంటే పొగదారులు మూడే. చివరి రెండింటికీ చెరొకటి, మధ్య రెండింటికీ కలిపి ఒకటి. అంటే మంటలోంచి వచ్చిన పొగ వేడంతా బ్లాకుకూ, నీటికీ అంటించి మరీ బయటికి వెళుతుంది. ఫ్లాట్‌హెడ్‌కు ఒళ్ళు కాగుతుందన్న చెడ్డ పేరు అందుకే వచ్చింది. ఏళ్ళ తరబడి అలా కాగి, చల్లారి, మళ్ళీ కాగిన పోత ఇనుము చివరికి పగుళ్ళిస్తుంది.

కాబట్టి సంతలో ఆ ఇంజను ముందు నిలబడ్డవాడు మొదట వెతకవలసింది పగుళ్ళను. పైన మెరిసే సామాను ఏముందో తర్వాత చూసుకోవచ్చు. హెడ్డు తీసి ఉంటే మంచిది. తీయనివ్వనంటే, ధర అందుకు తగ్గట్టు ఉండాలి, లేదా కదిలిపోవాలి.

పగులు ఉండటమే తప్పు కాదు, అది ఎక్కడుందన్నదే లెక్క. బ్లాకు పై ముఖం మీద నీటి రంధ్రం నుంచి పక్కనున్న స్టడ్డు రంధ్రం దాకా పాకిన చిన్న పగుళ్ళు ఈ ఇంజన్లలో సామాన్యం. వాటితోనే ఏళ్ళకేళ్ళు నడిచినవి ఉన్నాయి. వాల్వు సీటు దగ్గర మొదలై సిలిండరు గోడలోకి దిగిన పగులు వేరే సంగతి. దాన్ని పిన్నులు కుట్టి మూయాలి, సిలిండరుకు స్లీవు వేయాలి, కొత్త సీటు దించాలి. చేయించవచ్చు గానీ, ఆ డబ్బుతో ఇంకో బ్లాకు వస్తుందేమో ముందు చూసుకోవాలి. మూడో రకం మన ఎండల్లో మనకు తట్టనిది. చలి దేశాల్లో యాంటీఫ్రీజ్ పోయకుండా ఆరుబయట వదిలేసిన బ్లాకులో నీరు గడ్డకడుతుంది. గడ్డకట్టి ఉబ్బి నీటి జాకెట్ గోడను అడుగు అంచు పొడవునా చీల్చేస్తుంది. మట్టి కింద ఆ గీత కనబడదు. కిరసనాయిలు, వైరు బ్రష్షు, ఓపిక, ఈ మూడూ సంతకు తీసుకెళ్ళాలి.

కొన్నాక ఇంటికి తెచ్చి విప్పి, కడిగి, అప్పుడు వర్క్‌షాపుకు ఇవ్వాలి. అక్కడ బ్లాకును అయస్కాంతం చేసి సన్నటి ఇనప పొడి చల్లుతారు. పగులున్న చోట పొడి గీతలా పోగవుతుంది. తర్వాత నీటి దారులన్నీ మూసి, ఒత్తిడి పెట్టి చూస్తారు. ఈ రెండు పరీక్షలకూ అయ్యే డబ్బును ఆదా చేద్దామనుకునేవాళ్ళే చివరికి ఎక్కువ ఖర్చు పెడతారు. పరీక్ష చేయించని బ్లాకుకు బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు వేసి, ఆ తర్వాత నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయని కనుక్కోవడం ఎందుకు?

ఇక కండబలం సంగతి. తక్కువ డబ్బులో ఫ్లాట్‌హెడ్‌కు ఎక్కువ బలం ఇచ్చే తుక్కు వస్తువు ఒకటుంది. 1949 నుంచి 1953 దాకా మెర్క్యురీ కార్లలో వచ్చిన క్రాంక్‌షాఫ్ట్. మామూలు ఫోర్డ్ క్రాంక్‌తో పిస్టన్ పైనుంచి కిందికి 3-3/4 అంగుళాలు దిగుతుంది. మెర్క్యురీ క్రాంక్‌తో పూర్తిగా 4 అంగుళాలు. హెడ్డు తీసి ఉన్న ఇంజనులో దాన్ని గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేదు, స్టీలు స్కేలు చాలు. పిస్టన్‌ను పై కొసకు తెచ్చి, కింది కొసకు దించి కొలవడమే. 239 ఘనపుటంగుళాల ఇంజనులో ఆ క్రాంక్ పెడితే 255 అవుతుంది. సిలిండరు బోరు 3-3/16 అంగుళాల నుంచి 3-5/16కు పెంచితే 276. హాట్ రాడ్ కట్టేవాళ్ళలో ఆ 276 అనే అంకెకు ఒక పలుకుబడి ఉంది. ఇంకా పెంచి 3-3/8కి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, క్రాంక్‌ను మరో 1/8 అంగుళం లాగి 296 చేసినవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే అది తక్కువ డబ్బున్నవాడి దారి కాదు. పోతలో కోరు ఏ కాస్త జరిగి ఉన్నా ఒకవైపు గోడ ముందే పలచబడి ఉంటుంది. దాన్ని ఇంకా కోస్తే మిగిలేది రేకు.

మరి ఆ మెర్క్యురీ క్రాంక్ నిజంగా చవకేనా? ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళదాం, ఎందుకంటే తుక్కు బేరం గుట్టంతా ఇక్కడుంది. స్ట్రోకు పావు అంగుళం పెరిగింది. అంటే పిస్టన్ అందులో సగం, 1/8 అంగుళం, ఎక్కువ పైకి వస్తుంది. పాత పిస్టన్లే పెడితే బ్లాకు ముఖం దాటి తల బయటపెడతాయి, వెళ్ళి హెడ్డుకు తగులుతాయి. కాబట్టి పిన్ను రంధ్రం 1/8 అంగుళం పైకి ఉన్న పిస్టన్లు కావాలి. పిస్టన్లు ఎలాగూ కొంటున్నాం కనక బోరు ఎంత పెంచాలో ముందే తేల్చుకోవాలి. పిస్టన్ బరువు మారింది కనక క్రాంక్‌ను మళ్ళీ బ్యాలెన్స్ చేయించాలి. కనెక్టింగ్ రాడ్ల సంగతి ఇంకోటి. 1948 దాకా వచ్చిన ఇంజన్లలో ఒకే క్రాంక్ పిన్ను మీద రెండు రాడ్లు ఒకే బేరింగ్‌ను పంచుకుంటాయి, ఆ బేరింగ్ ఎటూ అంటుకోకుండా తనూ తిరుగుతుంటుంది. 1949 నుంచి ఒక్కో రాడ్డుకు దాని బేరింగ్ దానికే బిగించి ఉంటుంది. ఈ రెండు వంశాలనూ కలిపి బిగించకూడదు. అందుకని క్రాంక్ ఒకచోటా రాడ్లు ఇంకోచోటా ఏరుకోకుండా, రెండూ ఒకే ఇంజను నుంచి తీసుకున్నవాడికి తలనొప్పి సగం తగ్గుతుంది. ఇదంతా లెక్కేయకుండా క్రాంక్ ఒక్కటీ చూసి మురిసిపోతే, పావలా కోడికి ముప్పావలా మసాలా అయినట్టే.

క్రాంక్‌ను కూడా కొలవాలి. మైక్రోమీటర్‌తో, బేరింగుల్లో తిరిగే ప్రతి జర్నల్‌నూ రెండు దిక్కుల్లో కొలిస్తే కోలగా అరిగిందో లేదో తెలుస్తుంది. పది థౌ, ఇరవై థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదో ఇరవయ్యో, గ్రైండ్ చేయించి అందుకు తగ్గ అండర్‌సైజ్ బేరింగులు వేయడం మామూలు పని. ఇదివరకే గ్రైండ్ చేసి చేసి చివరి సైజుకు చేరిన క్రాంకులు సంతలో చాలా తిరుగుతుంటాయి. వాటికి బేరింగులు దొరక్కపోతే అవి మంచి ఇనుము, అంతకు మించి ఏమీ కావు.

బ్యాలెన్సింగ్‌లో కొంత పని ఇంట్లోనే అవుతుంది. వంటింటి డిజిటల్ కాటా మీద పిస్టన్లు తూచి, అన్నిటికంటే తేలికైనదాని బరువుకు మిగతావాటిని లోపలివైపు కొద్దికొద్దిగా అరగదీసి సమానం చేయవచ్చు. రాడ్లకైతే పెద్ద కొసనూ చిన్న కొసనూ విడివిడిగా తూచాలి. పగలంతా పట్టే పని, పైసా ఖర్చు లేదు. కాటా వంటింట్లోకి తిరిగి వెళ్ళేముందు కడిగి పెట్టండి.

వాల్వుల దగ్గర ఫ్లాట్‌హెడ్ మనిషిని ఏడిపిస్తుంది. పాతవాటిలో వాల్వు గైడు రెండు చెక్కలుగా ఉంటుంది, వాల్వు కాడ అడుగున పుట్టగొడుగులా వెడల్పుగా ఉంటుంది. వాల్వు, స్ప్రింగు, గైడు అన్నీ కలిపి ఒక్కముక్కగా పైకి లాగాలి. అరవై డెబ్బై ఏళ్ళు తుప్పులో కూర్చున్నది లాగితే వస్తుందా? డీజిలు పోయాలి, వేడి చేయాలి, తట్టాలి, మర్నాడు మళ్ళీ రావాలి. ఇక్కడ తొందరపడి సుత్తి ఎత్తినవాడు వాల్వుతో పాటు బ్లాకునూ పోగొట్టుకుంటాడు. మంచి స్ప్రింగులు కావాలంటే లింకన్ జెఫిర్ కారు స్ప్రింగులు సరిపోతాయని హాట్ రాడ్ వాళ్ళు చాలాకాలం క్రితమే కనిపెట్టారు. కొందరు షెవర్లే వాల్వులను కోసి సరిచేసి ఇందులో వాడతారు. పరాయి కంపెనీ భాగం ఫోర్డ్‌లో పెట్టడం అపచారమని ఆ రోజుల్లో ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు అనుకునేవాళ్ళున్నారు, వాళ్ళతో వాదం మనకెందుకు.

కేమ్‌షాఫ్ట్ సంగతీ క్రాంక్ లాంటిదే. కొత్త కేమ్ కొనే బదులు పాతదాన్నే మళ్ళీ గ్రైండ్ చేయిస్తే తక్కువలో అవుతుంది. కానీ గ్రైండ్ చేయడమంటే ఇనుము తీయడమే కదా. గుడ్డు ఆకారంలో ఉండే ఆ లోబు అడుగు గుండ్రం చిన్నదవుతుంది. అప్పుడు కేమ్‌కూ వాల్వుకూ మధ్య ఉండే టాపెట్ కిందికి జారి, వాల్వుకు అందకుండా పోతుంది. ఫోర్డ్ వేసిన అసలు టాపెట్లకు సర్దుబాటు స్క్రూ లేదు. వాల్వు కాడ చివర అరగదీసి సందు సరిచేయడమే వాళ్ళ పద్ధతి. అరగదీసి కాడను పొట్టి చేయగలం గానీ పొడుగు చేయలేం. కాబట్టి అడ్జస్టబుల్ టాపెట్లు పదహారు కొనాలి. కేమ్ మీద మిగిలిన డబ్బు టాపెట్లకు సరి. అయినా ఆ మార్పు చేయించుకోమనే అంటాను. సర్దుబాటు ఉన్న టాపెట్లు ఒకసారి వేసుకుంటే తర్వాత ఎన్నేళ్ళకు విప్పినా పనికొస్తాయి.

హెడ్ల దగ్గర నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. రెక్కలు రెక్కలుగా ఉండే అల్యూమినియం హెడ్లు, వాటి మీద ఎడెల్‌బ్రాక్ అనో, ఆఫెన్‌హౌసర్ అనో ఉబ్బెత్తు అక్షరాలు. చూడటానికి అంతకంటే అందమైన వస్తువు లేదు. బండి బానెట్ తీసి నలుగురికీ చూపించేది వాటినే. పాతవి సంతలో దొరుకుతాయి గానీ, చాలావాటికి లోపల నీటి దారులు తుప్పుకు తిని రంధ్రాలు పడి ఉంటాయి. వెల్డింగ్ చేయించి, ఫేసింగ్ చేయించేసరికి కొత్తవాటి ధరకు దగ్గరపడుతుంది. తక్కువ డబ్బున్నవాడు ఫ్యాక్టరీ పోత ఇనప హెడ్లనే కొద్దిగా మిల్లింగ్ చేయించుకుంటే కంప్రెషన్ పెరుగుతుంది. వాటికీ వీటికీ తేడా చూసేవాళ్ళకు తెలుస్తుంది, నడిపేవాడికి పెద్దగా తెలియదు. మిల్లింగ్ చేయించాక మాత్రం పిస్టన్ మీదా, వాల్వు మీదా పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి మట్టి పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో క్రాంక్ తిప్పి, విప్పి, నలిగిన మట్టి మందం కొలవాలి. ఇంతకంటే చవకైన పరికరం ఇంజను పనిలో లేదు.

కార్బురేటర్లలో పెద్ద పేరు స్ట్రాంబర్గ్ 97ది. 1930ల నడుమ ఫోర్డ్ కార్ల మీద వచ్చింది. రెండు 97లు పక్కపక్కన పెట్టడం హాట్ రాడ్‌కు బొట్టు పెట్టినంత ఆచారమైపోయింది. ఆ పేరు వల్లే దాని ధర పెరిగింది. సంతలో దొరికేవాటికి అడుగు ముఖం వంగి ఉంటుంది, త్రాటిల్ కడ్డీ అరిగి పక్కనుంచి గాలి పీలుస్తుంటుంది. దాని తర్వాత ఫోర్డ్ చాలా ఏళ్ళు వాడిన హోలీ 94 కూడా అదే మూడు బోల్టుల అడుగుతో, అదే మానిఫోల్డ్ మీద కూర్చుంటుంది. ఆ పేరుకు గిరాకీ లేదు కనక తక్కువలో వస్తుంది. వీధిలో నడిపే బండికి అవి రెండు చాలు. మూడు పెట్టినవాళ్ళు ఫొటో కోసం పెట్టినట్టే.

ఇక ఒళ్ళు కాగే జబ్బు. ముందే చెప్పినట్టు కొంత వేడి ఆ ఇంజను జాతకంలోనే ఉంది. మిగతాది మాత్రం చెత్త వల్ల. పాత ఫ్లాట్‌హెడ్ విప్పి నీటి జాకెట్‌లో పొడిస్తే ఫౌండ్రీలో పోత పోసిన నాటి ఇసుక ఇంకా రాలుతుంది. కోర్లను నిలబెట్టిన తీగ ముక్కలు కూడా అప్పుడప్పుడూ వస్తాయి. దాని మీద దశాబ్దాల తుప్పు. ఒంకర తీగలు చేసుకుని ప్రతి రంధ్రంలోంచీ గోకాలి. తర్వాత తుప్పు తీయడానికి చక్కెర మిల్లుల్లో మిగిలే మొలాసిస్ వాడేవాళ్ళున్నారు. ఒక వంతు మొలాసిస్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పెద్ద పీపాలో బ్లాకును ముంచి వారాల తరబడి వదిలేస్తే తుప్పు కరుగుతుంది, గట్టి ఇనుము మిగులుతుంది. వాసన భరించడం కష్టం, ఇరుగుపొరుగును ముందే మంచి చేసుకోవాలి. అల్యూమినియం భాగాలను మాత్రం అందులో పెట్టకూడదు, వాటిని తినేస్తుంది. ఇన్‌టేక్ మానిఫోల్డూ అల్యూమినియం హెడ్లూ దూరంగా ఉంచండి. ఒక్కో వరసకు ఒక్కో నీటి పంపు చొప్పున ఈ ఇంజనుకు రెండుంటాయి. 1937కు ముందు అవి హెడ్లలో కూర్చుని వేడి నీటిని పైకి లాగేవి. 1937 నుంచి బ్లాకు ముందుకు వచ్చి చల్లటి నీటిని లోపలికి నెట్టడం మొదలుపెట్టాయి. ఏరుకునే వీలుంటే ఆ తర్వాతి ఇంజనే ఏరుకోవడం మేలు.

ఈ ఇంజను మన దేశానికి రాలేదా అని మీకు సందేహం రావచ్చు. వచ్చింది, బాగానే తిరిగింది. 1926 నుంచి మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో ఫోర్డ్ కార్లను బిగించి అమ్మిన కంపెనీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలో తయారై మన సైన్యానికి వచ్చిన ఫోర్డ్ లారీలలో ఉన్నది ఈ 239 ఘనపుటంగుళాల ఫ్లాట్‌హెడ్డే. బ్రెన్ క్యారియర్ అనే పైకప్పు లేని చిన్న గొలుసుచక్రాల బండిలోనూ ఫోర్డ్ వి-8 ఉండేది. యుద్ధం అయ్యాక ఆ సరుకంతా డిస్పోజల్స్ పేరుతో వేలానికి వచ్చింది. డిస్పోజల్స్ లారీ అన్న మాట పెద్దవాళ్ళకు ఇప్పటికీ గుర్తుండాలి. అక్కడ కుర్రాళ్ళు ఆ ఇంజను తీసి వేగం కోసం కట్టుకుంటే, ఇక్కడ మనవాళ్ళు ఆ లారీలనే సరుకు మోయడానికి నడిపారు, పెట్రోలు ఖర్చు భరించలేక కొన్నిటికి ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించారు. దించిన వి-8లు ఏమయ్యాయో మన తుక్కు బజార్లకే తెలియాలి.

అమెరికాలోనూ దానికి చెడ్డరోజులు వచ్చాయి. 1949లో ఓల్డ్స్‌మొబైల్, క్యాడిలాక్ కంపెనీలు వాల్వులు హెడ్‌లో ఉన్న వి-8లు తెచ్చాయి. 1955లో షెవర్లే 265 ఘనపుటంగుళాల చిన్న వి-8 తెచ్చింది. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే 162 హార్స్‌పవర్. మెర్క్యురీ క్రాంక్ పెట్టి, కేమ్ మార్చి, కార్బురేటర్లు పెంచి, అంత కష్టపడి కట్టిన ఫ్లాట్‌హెడ్ ఆ దరిదాపులకు వస్తే గొప్ప. కుర్రాళ్ళు ఒక్కసారిగా అటు తిరిగారు. ఫ్లాట్‌హెడ్లను మోసుకెళ్ళి పారేశారు. ఇప్పుడు వాళ్ళ మనవలు మంచి బ్లాకు కోసం వెతుకుతున్నారు. చిత్రం ఏమిటంటే ఫ్రాన్స్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీ సిమ్కా కంపెనీ చేతిలోకి వెళ్ళాక కూడా, అక్కడి మిలిటరీ లారీల కోసం ఈ ఇంజన్లు దశాబ్దాల పాటు తయారయ్యాయి. ఫ్రెంచి సైన్యం వదిలించుకున్న ఆ మిగులు ఇంజన్లను ఓడల్లో తెప్పించుకుని అమెరికాలో హాట్ రాడ్లు కట్టినవాళ్ళున్నారు. తుక్కుతో మొదలైన వ్యవహారం, ఇంకో దేశం మిలిటరీ తుక్కుతో కొనసాగింది.

అయితే సరే, బ్లాకు దొరికింది, పరీక్ష పాసయింది, బోరింగ్ అయింది, క్రాంక్ కూర్చుంది. కొత్తగా కొనవలసినవి బేరింగులు, రింగులు, పిస్టన్లు, ప్యాకింగులు. వీటిలో పాతవి వాడవద్దు, ఎవరెంత బాగున్నాయన్నా సరే. హెడ్డు బిగించేటప్పుడు గుర్తుంచుకోండి, ఈ ఇంజను స్టడ్లు బ్లాకులోకి దిగి నేరుగా నీటి జాకెట్‌లోకి పొడుచుకుంటాయి. మరలకు సీలెంట్ పూయకపోతే స్టడ్డు వెంట నీరు పైకి పాకి నట్టు దగ్గర చెమట పడుతుంది. అది చూసి ప్యాకింగ్ పోయిందని మళ్ళీ విప్పేవాళ్ళు ఎందరో.

స్టార్ట్ చేసేముందు స్పార్కు ప్లగ్గులు తీసి, ఆయిలు ప్రెషరు గేజీలో ముల్లు లేచేదాకా స్టార్టరుతో తిప్పాలి. మొదటిసారి అంటుకున్నాక మురిసిపోయి ఐడిలింగ్‌లో వదిలేయకూడదు. కొత్తగా గ్రైండ్ చేసిన కేమ్‌కూ టాపెట్లకూ ఆయిలు బాగా చిమ్మాలంటే వేగం కావాలి. నిమిషానికి 2000 చుట్లకు అటూ ఇటూగా ఓ ఇరవై నిమిషాలు నడపాలి, కళ్ళు మాత్రం నీటి వేడి గేజీ మీదే ఉండాలి. తర్వాత ఆపి, హెడ్ నట్లు మళ్ళీ బిగించాలి. పోత ఇనప హెడ్లయితే వేడిగా ఉన్నప్పుడు, అల్యూమినియమయితే పూర్తిగా చల్లారాక. మొదటి కొద్ది రోజులు నడిపాక ఇంకోసారి. ఆ తర్వాత మడ్‌గార్డులు బిగించుకుంటారో, ఊడదీసే తిరుగుతారో అది మీకూ మీ ఊరి ట్రాఫిక్ పోలీసుకూ మధ్య సంగతి.